‘పైలట్ తప్పిదం’ దగ్గర ఆగకుండా రాయడం ఎలా

విమానం కూలిన కొన్ని గంటలకే ‘పైలట్ తప్పిదం’ అన్న మాట బయటికొస్తుంది. చాలాసార్లు ఆ పైలట్ బతికి ఉండడు, తన వైపు మాట చెప్పుకోలేడు. ఎయిర్‌లైన్‌కీ తయారీ కంపెనీకీ మాత్రం లాయర్లుంటారు, ప్రెస్ ఆఫీసులుంటాయి. ఈ ఎగుడుదిగుడు మధ్య నిజం రాయాలనుకునేవాళ్లకు రెండు పనులు చేతనవ్వాలి. ఒకటి, ప్రమాదాన్ని అడుగుదాకా చదవడం. రెండు, చదివినదాన్ని కోర్టులో నిలబడేలా రాయడం. మొదటిది వచ్చి రెండోది రాకపోతే ఎంత మంచి పరిశోధనైనా ఒక్క లీగల్ నోటీసుతో మూలపడుతుంది. రెండోది మాత్రమే వస్తే ఎవరికీ పనికిరాని జాగ్రత్త రాతలు మిగులుతాయి.

ఇది విలేకరుల కోసం, పైలట్ల సంఘాల్లో పనిచేసేవాళ్ల కోసం, మనుషుల్ని పోగొట్టుకున్న కుటుంబాల కోసం, తమ సంస్థలో జరుగుతున్నది చూస్తూ ఊరుకోలేని ఉద్యోగుల కోసం.

మొదటి రెండు రోజులు: పోగుచేయండి, కారణం రాయకండి

ఈ రెండు రోజుల్లో మాయమైపోయేవి కొన్ని ఉంటాయి. ముందు వాటిని దాచుకోండి. ఆ ఎయిర్‌పోర్టు వాతావరణ రిపోర్టులు, అంటే మెటార్‌లు, ప్రమాదానికి ఆరు గంటల ముందు నుంచి రెండు గంటల తర్వాత దాకా తీసిపెట్టుకోండి. రన్‌వే లైట్లు పనిచేయడం లేదనో, ల్యాండింగ్‌కి దారి చూపే పరికరం ఆపేశారనో చెప్పే నోటామ్‌లు గడువు తీరగానే మామూలు జాబితాల్లోంచి పోతాయి. కంపెనీ మొదటి ప్రకటనను తేదీ, టైము కనిపించేలా స్క్రీన్‌షాట్ తీయండి. సాయంత్రానికి అందులో మాటలు మారిపోవచ్చు. ఏ మాట మారింది, ఎప్పుడు మారింది అన్నది తర్వాత చాలా పనికొస్తుంది.

విమానం జాడ చూపే సైట్ల డేటాతో మాత్రం బహు జాగ్రత్త. అందులో కనిపించే ఎత్తు అసలు ఎత్తు కాదు. విమానం నుంచి వివరాలు పంపే పరికరం, ట్రాన్స్‌పాండర్, పంపేది 1013.25 హెక్టోపాస్కల్ ప్రామాణిక పీడనం ఆధారంగా లెక్కేసిన ఎత్తు. నేల దగ్గర ఒక్కో హెక్టోపాస్కల్‌కి దాదాపు 27 అడుగుల తేడా వస్తుంది. ఆ రోజు అక్కడి క్యూఎన్‌హెచ్, అంటే సముద్రమట్టానికి లెక్కేసిన గాలి పీడనం, 1003 అనుకుందాం. అప్పుడు స్క్రీన్ మీద 1000 అడుగులని కనిపించిన విమానం నిజానికి సముద్రమట్టానికి 730 అడుగుల దగ్గర ఉంటుంది. ఎయిర్‌పోర్టు ఎత్తు 400 అడుగులైతే రన్‌వే మట్టం నుంచి మిగిలింది 330 అడుగులే. ఈ లెక్క వేయకుండా గీసిన గ్రాఫులు ప్రతి ప్రమాదం తర్వాతా తిరుగుతూనే ఉంటాయి.

వేగం సంగతీ అంతే. అక్కడ కనిపించేది నేల మీద వేగం. రెక్కలకు కావాల్సింది గాలిలో వేగం. 30 నాట్ల ఎదురుగాలి ఉంటే నేల మీద వేగం అంతమేర తక్కువ కనిపిస్తుంది. దాన్ని చూసి ‘పైలట్ వేగం పడిపోనిచ్చాడు’ అని రాస్తే అది సాంకేతికంగా తప్పు. పైగా ఒక మనిషి మీద అబద్ధపు నింద. ఇలాంటి ఒక్క తప్పు దొరికితే చాలు, కంపెనీ లాయరు మీ మిగతా పది నిజాలనూ దాంతోనే కొట్టిపారేస్తాడు.

రిపోర్టు చదవడం 1.17 నుంచి మొదలుపెట్టండి

అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ఐకావో వారి ప్రమాద దర్యాప్తు నియమాలు, అనెక్స్ 13, ప్రకారం దర్యాప్తుకు ఒకటే లక్ష్యం, మళ్లీ ప్రమాదం జరగకుండా చూడటం. నింద మోపడం, బాధ్యత తేల్చడం దాని పని కాదు. ప్రాథమిక నివేదికకు 30 రోజులు. తుది నివేదిక వీలైతే 12 నెలల్లో రావాలి, రాకపోతే ప్రమాదం జరిగిన ప్రతి వార్షికోత్సవానికీ దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో ప్రకటన ఇవ్వాలి. ఈ తేదీలను మీ క్యాలెండర్‌లో వేసుకోండి.

ప్రాథమిక నివేదికలో కారణం ఉండదు, అప్పటిదాకా దొరికిన వాస్తవాలే ఉంటాయి. 2025 జూన్ 12న అహ్మదాబాద్‌లో కూలిన ఎయిరిండియా 171 ప్రాథమిక నివేదిక కాక్‌పిట్ సంభాషణలోంచి ఒక్క ముక్కే క్లుప్తంగా చెప్పింది: ఇంధనం ఎందుకు కట్ చేశావని ఒక పైలట్ అడగడం, తాను చేయలేదని రెండో పైలట్ అనడం. ఎవరు అడిగారో, ఎవరు బదులిచ్చారో అందులో లేదు. పూర్తి ట్రాన్‌స్క్రిప్టూ లేదు. ఆ రెండు మాటల మీద ఎన్ని తీర్పులు వచ్చిపడ్డాయో చూశాం. ఇలాంటి చోట రాయాల్సిన వాక్యం ఇది: ‘నివేదిక ఈ మాటల సారాంశం మాత్రమే ఇచ్చింది, ఎవరివో చెప్పలేదు.’ అంతకు మించి ఒక్క అడుగు కూడా వేయకండి.

తుది నివేదిక చేతికొచ్చాక ముందు ముగింపు పేజీకి పోవడం అందరూ చేసే పని. మీరు అలా చేయకండి. ఐకావో నమూనాలో మొదటి భాగం వాస్తవాలది. 1.5లో సిబ్బంది వివరాలు, 1.6లో విమానం, 1.11లో రికార్డర్లు, 1.16లో పరీక్షలు, 1.17లో సంస్థ, దాని నిర్వహణ. తర్వాత రెండో భాగం విశ్లేషణ, మూడోది నిర్ధారణలు, నాలుగోది భద్రతా సిఫార్సులు. ముందు 1.17 చదవండి. పైలట్ల గురించి పది పేజీలుండి, సంస్థ గురించి అర పేజీ ఉంటే ఆ దర్యాప్తు ఎక్కడ ఆగిందో మీకు అక్కడే తెలిసిపోతుంది. ఆ తర్వాత సిఫార్సులు చూడండి. ముగింపులో పైలట్‌ను తప్పుపట్టి, సిఫార్సుల్లో మాత్రం రోస్టర్లు, మాన్యువళ్లు, శిక్షణ మార్చమని చెప్పే నివేదికలు ఉంటాయి. దర్యాప్తు చేసినవాళ్లు లోపం ఎక్కడుందని నమ్మారో సిఫార్సులే చెప్తాయి.

చివర్లో ఉండే అనుబంధాలను వదలకండి. ముసాయిదా మీద అభిప్రాయం చెప్పడానికి దర్యాప్తులో పాలుపంచుకున్న దేశాలకు 60 రోజులుంటాయి. దర్యాప్తు సంస్థ ఒప్పుకోని అభ్యంతరాలు చాలాసార్లు అక్కడే అచ్చవుతాయి. 2009 ఫిబ్రవరి 12న బఫెలో దగ్గర కూలి 50 మందిని బలిగొన్న కోల్గన్ 3407 నివేదికలో అమెరికా రవాణా భద్రతా బోర్డు కెప్టెన్ స్పందనను కారణంగా చూపింది. అలసట పైలట్ల పనితీరును దెబ్బతీసి ఉండొచ్చని ఒప్పుకుంటూనే, దాన్ని తోడ్పడిన కారణాల్లో చేర్చలేదు. చేర్చాల్సిందని అప్పటి చైర్మన్ డెబొరా హెర్స్‌మన్ విడిగా రాశారు. ఆ పేజీలు చదివినవాళ్లకు కో-పైలట్ సియాటిల్ నుంచి రాత్రంతా ప్రయాణం చేసి డ్యూటీకి వచ్చిందన్న సంగతి ఎంత బరువైందో అర్థమవుతుంది.

తప్పు కింద తవ్వడం

పైలట్ తప్పు చేయలేదని నిరూపించడం మీ పని కాదు. తప్పు జరిగి ఉండొచ్చు. ఆ క్షణంలో ఆ పని అతనికి సరైనదిగా ఎందుకు కనిపించిందో కనుక్కోవడం మీ పని. ఒక్క ప్రమాదాన్ని దగ్గరగా చూస్తే పద్ధతి తెలుస్తుంది.

1989 మార్చి 10. కెనడాలోని డ్రైడెన్. ఎయిర్ ఒంటారియో ఫోకర్ ఎఫ్-28 రెక్కల మీద మంచుతోనే టేకాఫ్ తీసుకుంది. లేవలేక రన్‌వే చివరి చెట్లలో పడింది. 69 మందిలో 24 మంది చనిపోయారు. ‘రెక్కల మీద మంచు ఉన్నా పైలట్ బయల్దేరాడు.’ ఇది నిజమే. ఇప్పుడు ఒక్కో మెట్టూ దిగండి. మంచు ఎందుకు తీయించలేదు? ఇంజన్ నడుస్తుంటే మంచు తీసే ద్రవం చల్లకూడదని నిబంధన. ఇంజన్ ఎందుకు ఆపలేదు? ఆపితే మళ్లీ స్టార్ట్ చేయడానికి విమానంలోని ఏపీయూ, అంటే సహాయక ఇంజన్, పాడై ఉంది. బయటి నుంచి స్టార్ట్ చేసే యంత్రం డ్రైడెన్‌లో లేదు. పాడైన ఏపీయూతో అసలు ఎందుకు పంపారు? ఏ పరికరాలు చెడిపోయినా ఎగరొచ్చో చెప్పే జాబితా, ఎంఈఎల్, దాన్ని వాయిదా వేయనిచ్చింది. ఎంఈఎల్ ఆ ఒక్క పరికరాన్నే చూస్తుంది. ఆ రోజు మంచు పడుతుందనీ, దారిలో ఆగే ఊళ్లో స్టార్టర్ లేదనీ దానికి తెలీదు. అది చూడాల్సింది డిస్పాచ్, అంటే ఫ్లైట్ ప్రణాళిక వేసి పంపే విభాగం. డ్రైడెన్‌లో ఇంధనం ఎందుకు ఎక్కించుకోవాల్సి వచ్చింది? ముందు స్టేషన్‌లో అదనంగా ప్రయాణికులను ఎక్కించి, బరువు మించిందని ఇంధనం తీసేశారు కాబట్టి.

ఇంజన్ ఆపితే విమానం ప్రయాణికులతో సహా అక్కడే ఇరుక్కుపోతుంది. ఆపకపోతే మంచు పోదు. కెప్టెన్‌ను ఈ రెండింటి మధ్యకు తెచ్చిపెట్టింది డజను చిన్న చిన్న నిర్ణయాలు. విచారణ జరిపిన జస్టిస్ మోషాన్‌స్కీ టేకాఫ్ నిర్ణయం కెప్టెన్‌దేనని చెబుతూనే వ్యవస్థ అతన్ని వదిలేసిందని తేల్చారు, 191 సిఫార్సులు చేశారు.

మీ చేతిలో ఏ ప్రమాదం ఉన్నా ఇలా దిగడానికి కొన్ని పత్రాలు అడగాలి. గత 30 రోజుల రోస్టర్ కావాలి. ముందు రోజుది ఒక్కటే చాలదు. వాయిదా వేసిన లోపాల జాబితా కావాలి. అదే విమానంలో అదే లోపం ఇంతకుముందు ఎన్నిసార్లు రాశారో చూపే టెక్నికల్ లాగ్ కావాలి. 2018 అక్టోబర్ 29న జావా సముద్రంలో పడిన లయన్ ఎయిర్ 610 విషయంలో ఇలా ముందు ఫ్లైట్లు చూస్తేనే అసలు కథ తెలిసింది. ముందు రోజు ఫ్లైట్‌లోనూ అదే విమానం ముక్కు కిందికి తోసుకుపోయింది. అప్పుడు కాక్‌పిట్‌లో కూర్చుని ఉన్న మూడో పైలట్ సాయంతో ట్రిమ్ మోటార్‌ను కట్ చేసి దించగలిగారు. విమానం గాలికి ఏ కోణంలో ఉందో చూపే, కొత్తగా బిగించిన సెన్సార్ 21 డిగ్రీలు తప్పు చూపుతోంది. ముక్కును తోసిన ఎంక్యాస్ అనే సాఫ్ట్‌వేర్ ఆ ఒక్క సెన్సార్‌నే నమ్ముతుంది. అలాంటిదొకటి ఉందని పైలట్ల మాన్యువల్లో లేదు. అయినా మొదట్లో నింద పైలట్ల శిక్షణ మీదికే పోయింది. 2019 మార్చి 10న ఇథియోపియన్ 302 కూడా కూలాకే ప్రపంచమంతా ఆ రకం విమానాలను, బోయింగ్ 737 మ్యాక్స్‌లను, ఆపేసింది. రెండు ప్రమాదాల్లో కలిపి 346 మంది పోయారు.

అలసట లెక్క ఇలా వేయండి. డ్యూటీ ఎన్ని గంటలన్నది సగమే. నిద్ర లేచి ఎన్ని గంటలైంది, ప్రమాదం తెల్లవారుజామున 2 నుంచి 6 మధ్య జరిగిందా, ముందు మూడు రాత్రులు ఏ టైముకి పడుకునే వీలుంది, హోటల్‌కి వెళ్లి రావడానికి ఎంత పట్టింది, ఇవన్నీ కలిపి చూడాలి. వరసగా 17 గంటలు మేలుకున్న మనిషి పనితీరు రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్నవాడి స్థాయికి పడిపోతుందని 1997లో వెలువడిన ప్రయోగం చూపించింది. రోస్టర్ చట్టబద్ధంగా ఉంటే మనిషి అలసిపోలేదని కాదు. ‘నిబంధనల ప్రకారమే’ అని కంపెనీ అంటే ఆ మాటను అలాగే అచ్చువేసి, పక్కనే గంటలు వేయండి.

జరిగాక చూస్తే అన్నీ సులువుగా కనిపిస్తాయి. 2009 జనవరి 15న రెండు ఇంజన్లూ పోయి హడ్సన్ నదిలో దిగిన విమానం గురించి సిమ్యులేటర్లో పరీక్షలు చేశారు. పక్షులు తగిలిన క్షణమే వెనక్కి తిరిగితే రన్‌వేకి చేరిన ప్రయత్నాలున్నాయి. ఏం జరిగిందో అర్థం చేసుకోవడానికి 35 సెకన్లు కలిపితే విమానం చేరలేదు. ఎవరైనా సిమ్యులేటర్ ఫలితం చూపించి ‘చేయగలిగేవాడే’ అంటే మొదటి ప్రశ్న ఇదే: ముందే తెలిసి చేశారా, ఎన్ని సెకన్లు ఆగి చేశారు?

ప్రమాదం జరగకముందే సంస్థను చదవడం

ఒక ఎయిర్‌లైన్‌లో స్వచ్ఛందంగా వచ్చే భద్రతా రిపోర్టులు పెరిగాయంటే అది చెడు వార్త కానక్కర్లేదు. పడిపోతే భయపడాలి. 1974 డిసెంబర్ 1న వాషింగ్టన్ దగ్గర కొండను ఢీకొని 92 మందితో కూలిన టీడబ్ల్యూఏ 514 కథ దీనికి పాఠం. ఆరు వారాల ముందు వేరే ఎయిర్‌లైన్ సిబ్బంది అదే దారిలో అదే కొండను వెంట్రుకవాసిలో తప్పించుకున్నారు. తమ కంపెనీకి చెప్పారు, కంపెనీ తన పైలట్లను హెచ్చరించింది. ఆ కబురు మిగతావాళ్లకు చేరలేదు. ఆ తర్వాతే 1976లో నాసా చేతుల మీదుగా, పేర్లు తీసేసి రిపోర్టులు స్వీకరించే వ్యవస్థ మొదలైంది. శిక్షించే అధికారం ఉన్న రెగ్యులేటర్ చేతిలో పెడితే ఎవరూ రాయరని గ్రహించబట్టే మూడోవాళ్లకు ఇచ్చారు.

సిబ్బందితో మాట్లాడేటప్పుడు ‘మీ కంపెనీలో సేఫ్టీ ఎలా ఉంది’ అని అడిగితే ‘బాగానే ఉంది’ అంటారు. జరిగిన పనుల గురించి అడగండి. చివరిసారి గో-అరౌండ్, అంటే దిగకుండా మళ్లీ పైకి లేవడం, చేశాక ఎవరు ఫోన్ చేశారు, ఏం అడిగారు? మేఘాల్లో 1000 అడుగుల దగ్గర, బయట స్పష్టంగా కనిపిస్తుంటే 500 అడుగుల దగ్గర అప్రోచ్, అంటే రన్‌వేకి దిగివచ్చే తీరు, కుదురుకోకపోతే మళ్లీ పైకి వెళ్లాలని చాలా మాన్యువళ్లు చెప్తాయి. వెళ్లినందుకు సంజాయిషీ రాయించుకునే చోట పైలట్లు కుదరని అప్రోచ్‌నే దించుతారు. అదనపు ఇంధనం వేసుకున్న కెప్టెన్ల పేర్లు పట్టికగా వేస్తున్నారా? అలసిపోయానని డ్యూటీ వదిలితే అది సెలవు కింద కోస్తారా? కెప్టెన్ ఇష్టపూర్వకంగా డ్యూటీ పొడిగించడం అరుదుగా జరగాల్సింది, నెలకు ఎన్నిసార్లు జరుగుతోంది? ఫ్లైట్ డేటా చూసే విభాగం నుంచి వచ్చే ఫోన్ భద్రతా విభాగానిదా, క్రమశిక్షణ విభాగానిదా?

ఒకే జవాబు వేర్వేరు బేస్‌ల నుంచి, ఒకరికొకరు తెలియని ముగ్గురు చెబితే అది రాయదగ్గది. ఒక్కడి మాట మీద సంస్థ మొత్తానికి రంగు పూయకండి. సంస్థ బాగున్న చోట బాగుందనీ రాయండి.

మాట చెప్పినవాళ్లను కాపాడటం

ఇక్కడ చేసే పొరపాటు ఒక మనిషి ఉద్యోగం తీసేస్తుంది. ఫ్లైట్ నంబరు, తేదీ కలిపి రాస్తే సిబ్బంది ఇద్దరి పేర్లూ రాసినట్టే. విమానం రిజిస్ట్రేషన్, తేదీ కలిపినా అంతే. రోస్టర్ స్క్రీన్‌షాట్‌లో పేరు చెరిపేస్తే చాలదు, డ్యూటీల వరస ఏ ఇద్దరికీ ఒకలా ఉండదు. కంపెనీ ట్యాబ్లెట్‌లోంచి తీసిన పత్రాల్లో డౌన్‌లోడ్ చేసినవాడి గుర్తు ఉండొచ్చు. అందుకే పత్రాన్ని అచ్చువేయకుండా, అందులో ఉన్నది మీ మాటల్లో రాయండి. సోర్స్ కంపెనీ ఫోన్, కంపెనీ మెయిల్, కంపెనీ వైఫై వాడకూడదు. ఇది మొదటి మాటలోనే చెప్పాలి. కాక్‌పిట్ వాయిస్ రికార్డింగ్ లీకై మీ చేతికొచ్చినా ప్రచురించకండి. అనెక్స్ 13 దానికి రక్షణ ఇచ్చింది, ఆ రక్షణ పోతే రేపు కాక్‌పిట్‌లో ఎవరూ నోరు విప్పరు.

ఉద్యోగి స్వయంగా ఫిర్యాదు చేయాలనుకుంటే గడువులు ముందే చూసుకోమనండి. అమెరికాలో ఎయిర్‌లైన్ ఉద్యోగిపై కక్షసాధింపు జరిగితే కార్మిక శాఖకు ఫిర్యాదు చేయడానికి 90 రోజులే. ఆ గడువు దాటితే ఆ దారి దాదాపు మూసుకుపోతుంది.

నిలబడే వాక్యం

రాయడం మొదలుపెట్టే ముందు నాలుగు గడుల పట్టిక వేసుకోండి: మీ వాక్యం, దానికి ఆధారం, పేజీ నంబరు, ఎదుటివాళ్లు ఏమంటారు. రెండో గడి ఖాళీగా ఉన్న వాక్యం వ్యాసంలోకి రాకూడదు.

చాలా కేసులు మనసులోని ఉద్దేశం గురించి రాసిన మాటల మీదే నడుస్తాయి. ‘కంపెనీ లోపాన్ని దాచిపెట్టింది’ అంటే వాళ్లకు తెలుసనీ, కావాలనే చేశారనీ మీరు నిరూపించాలి. ‘ఈ లోపాన్ని టెక్నికల్ లాగ్‌లో మార్చిలో మూడుసార్లు రాశారు. ఏప్రిల్‌లో రెగ్యులేటర్‌కు పంపిన జాబితాలో అది లేదు’ అంటే పత్రమే నిరూపిస్తుంది, చదివేవాడికీ విషయం అందుతుంది. ‘లాభం కోసం ప్రాణాలతో ఆడుకుంటోంది’ అన్నది అరుపు. ‘టర్న్‌అరౌండ్, అంటే దిగిన విమానం మళ్లీ బయల్దేరే టైము, 40 నిమిషాల నుంచి 25కి తగ్గించారు, అదే పనికి ఇంజనీర్లను పెంచలేదు’ అన్నది ఆధారమున్న ఆరోపణ. అభిప్రాయం చెప్పాలనుకుంటే వాస్తవాలు ముందు పెట్టి, ‘వీటిని బట్టి మా అభిప్రాయం’ అని విడదీసి రాయండి. అభిప్రాయానికి చాలా దేశాల చట్టం చోటిస్తుంది, కాకపోతే అది దేని మీద నిలబడిందో చదివేవాడికి కనిపించాలి. శీర్షికకూ ఇదే నియమం. ఒళ్లు దగ్గరపెట్టుకుని రాసిన వ్యాసం మీద వేరేవాళ్లు పెట్టిన ఆవేశపు శీర్షికే కేసు తెచ్చిపెట్టడం మామూలు.

జవాబు చెప్పే అవకాశం ఇవ్వడం మర్యాద కోసం చేసే పని కాదు. దీన్ని ఎరెబస్ నేర్పింది. 1979 నవంబర్ 28న ఎయిర్ న్యూజీలాండ్ డీసీ-10 అంటార్కిటికాలోని ఎరెబస్ పర్వతాన్ని ఢీకొంది, 257 మందీ చనిపోయారు. ప్రమాద దర్యాప్తు అధికారి నివేదిక పైలట్ల నిర్ణయాన్ని కారణంగా చూపింది. రాయల్ కమిషన్‌గా కూర్చున్న జస్టిస్ పీటర్ మహోన్ 1981లో వేరే నిజం బయటపెట్టారు. బయల్దేరే రోజు తెల్లవారుజామున నావిగేషన్ కంప్యూటర్లో గమ్యబిందువును మార్చారు. సిబ్బందికి చెప్పలేదు. వాళ్లకు బ్రీఫింగ్‌లో చూపించిన దారి సముద్రం మీదుగా, కొత్త దారి సూటిగా కొండ మీదికి. ఎయిర్‌లైన్ సాక్ష్యాన్ని ఆయన ‘పథకం ప్రకారం పేర్చిన అబద్ధాల చిట్టా’ అన్న అర్థంలో తీవ్రంగా తప్పుపట్టారు. ఎయిర్‌లైన్ కోర్టుకెళ్లింది. 1983లో అప్పటి న్యూజీలాండ్‌కు అంతిమ కోర్టైన లండన్ ప్రివీ కౌన్సిల్ కుట్ర ఆరోపణను నిలవనివ్వలేదు. ఆ ఆరోపణకు జవాబు చెప్పుకునే అవకాశం ఆ అధికారులకు ఇవ్వలేదన్నది ముఖ్యమైన కారణం. ప్రమాద కారణం గురించి ఆయన తేల్చినదాన్ని ముట్టుకోలేదు. న్యూజీలాండ్ ప్రభుత్వం బాధిత కుటుంబాలకు క్షమాపణ చెప్పింది 2019లో, 40 ఏళ్ల తర్వాత.

ఒక జడ్జికే అంత నష్టం జరిగితే మనమెంత. కాబట్టి ప్రచురణకు కనీసం ఐదు పనిదినాల ముందు ప్రశ్నలకు నంబర్లేసి పంపండి. ప్రతి ఆరోపణా అందులో ఉండాలి, చివర్లో కలిపే ఒక్క కొత్త ఆరోపణ కూడా మళ్లీ పంపాలి. ప్రెస్ ఆఫీసుకీ, పేరు రాయబోతున్న ప్రతి అధికారికీ విడివిడిగా పంపండి. సోర్స్ ఎవరో తెలిసిపోయే వివరాలు ప్రశ్నల్లో పెట్టకండి. వాళ్ల జవాబును ఆ ఆరోపణ పక్కనే వేయండి, అడుగున ఒక్క లైనులో తోసేయకండి.

నోటీసు వచ్చిన రోజు

లీగల్ నోటీసు కేసు కాదు. అది ఒక పార్టీ లాయరు రాసిన ఉత్తరం. ఎక్కువ నోటీసుల ఉద్దేశం గెలవడం కాదు, మీ టైమూ డబ్బూ ధైర్యమూ అయిపోగొట్టడం. ఇలాంటి నోరునొక్కే దావాలను స్లాప్ అంటారు. 2017లో హత్యకు గురైన మాల్టా జర్నలిస్టు డాఫ్నే కరువానా గలీజియా మీద ఆ నాటికి 40కి పైగా పరువునష్టం దావాలు నడుస్తున్నాయి.

ఆ రాత్రే జవాబు రాయకండి. సోషల్ మీడియాలో పెట్టకండి. వ్యాసం తీసేయకండి, ఒక్క కామా మార్చకండి. ప్రచురించిన రూపాన్ని, నోట్సును, మెయిళ్లను ఉన్నవి ఉన్నట్టు కాపీ చేసి పెట్టండి. దావా వస్తుందని తెలిశాక ఏదైనా చెరిపేస్తే కోర్టులో మీ మీదే అనుమానం వస్తుంది. మీడియా బీమా ఉంటే ఆ రోజే చెప్పండి, ఆలస్యమైతే పాలసీ వర్తించకపోవచ్చు.

తర్వాత నోటీసును పెన్సిలుతో చదవండి. ఏ వాక్యం తప్పని అంటున్నారో చెప్పారా? ‘మీ వ్యాసం మొత్తం అబద్ధం’ అని రాసి ఒక్క వాక్యాన్నీ చూపకపోతే, మీ లాయరు మొదటి జవాబు ఒకటే: తప్పన్న వాక్యాలు, సరైన వాస్తవం, దానికి ఆధారం పంపండి. ఏ దేశపు చట్టం కింద మీ మీద దావా వేస్తామంటున్నారు? కంపెనీ ఒకచోట, మీరు మరొకచోట ఉంటే, తనకు అనుకూలమైన దేశాన్ని ఎంచుకోవడం పాత ఎత్తు. ఇంగ్లండ్, వేల్స్‌లలో 2013 పరువునష్టం చట్టం ప్రకారం లాభం కోసం నడిచే సంస్థ తనకు తీవ్ర ఆర్థిక నష్టం జరిగిందని లేదా జరగొచ్చని చూపాలి. యూరప్‌లో 2024 నాటి ఆదేశం సరిహద్దులు దాటిన స్లాప్ దావాలను మొదట్లోనే కొట్టేసే వీలు కల్పించమని సభ్యదేశాలకు చెప్పింది. అమెరికాలో చాలా రాష్ట్రాలకు ఇలాంటి చట్టాలున్నాయి. కొన్ని దేశాల్లో పరువునష్టం క్రిమినల్ నేరం కూడా, అక్కడ లాయరు లేకుండా ఒక్క అడుగూ వేయకండి.

పైన ‘గోప్యం, ప్రచురించరాదు’ అని పెద్దక్షరాలు ఉంటే అదేదో శాసనమని బెదరకండి. అలాంటి ముద్రలు తప్పుదారి పట్టించేలా వాడొద్దని ఇంగ్లండ్‌లో సొలిసిటర్ల నియంత్రణ సంస్థ 2022 నవంబర్‌లో తన లాయర్లనే హెచ్చరించింది. అయినా ప్రచురించే ముందు మీ లాయర్ని అడగండి, కొన్ని ఉత్తరాలకు నిజంగానే గోప్యత ఉంటుంది.

అన్నిటికంటే ప్రమాదకరమైన కాగితం నోటీసుతో జతచేసిన హామీపత్రం. ‘ఇకపై సంస్థ భద్రత గురించి ఏమీ రాయను’ అన్న ఒక్క లైనుకు సంతకం పెడితే రేపు నిజంగా ఏదైనా జరిగినా మీ నోరు కట్టేసుకున్నట్టే. తీసేయడానికి ఒప్పుకోవాల్సి వచ్చినా ఆ ఒక్క వాక్యానికే పరిమితం చేయండి.

మీది నిజంగా తప్పైతే వెంటనే, స్పష్టంగా, తప్పు ఎంత పెద్దగా వేశారో అంత పెద్దగా దిద్దండి. తప్పైన వాక్యాన్ని దిద్దండి, మిగతావి వదులుకోకండి.

నోటీసులో వాళ్లు పెట్టిన ఏడు రోజుల గడువుకు చట్టబలం అరుదుగా ఉంటుంది. కోర్టు సమన్లలోని తేదీ అలా కాదు. అది దాటితే మీ వాదన వినకుండానే తీర్పు రావచ్చు. ఈ రెండు కాగితాలనూ వేర్వేరు ఫైళ్లలో పెట్టుకోండి.

మూడో ఫైలు ఒకటి తెరవండి, దర్యాప్తు సిఫార్సులది. సిఫార్సు అందుకున్న దేశం 90 రోజుల్లో ఏం చేసిందో, చేయకపోతే ఎందుకు చేయలేదో చెప్పాలని అనెక్స్ 13 అంటుంది. ప్రతి సిఫార్సు ఎదురుగా ఆ తేదీ వేసి, ఆ రోజు రెగ్యులేటర్‌కు, ఎయిర్‌లైన్‌కు ఒక్కో ఉత్తరం రాయండి. జవాబు వస్తే వేయండి. రాకపోతే ఏ తేదీన అడిగారో, ఎన్ని రోజులైందో వేయండి.